ఎర్లాంగ్: గెట్ లైన్ దగ్గర ఆగితే మెసేజ్‌లు కనపడట్లేదు

ఎంవీపీ_కాలనీ:
విశాఖ ద్వారకా బస్ స్టేషన్ నుంచి గాజువాక, భీమిలి వైపు వెళ్లే బస్సులు చూపించే చిన్న ప్రోగ్రామ్ ఎర్లాంగ్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాస్తున్నాను. ఊరి పేరు టైప్ చేస్తే టైమింగ్స్ రావాలి. ఈలోగా ఇంకో ప్రాసెస్ (ప్రోగ్రామ్‌లో విడిగా నడిచే భాగం) "బస్సు వచ్చింది" అని పంపితే వెంటనే స్క్రీన్ మీద పడాలి. ఒకే లూప్‌లో ఐఓ గెట్ లైన్ (టైప్ చేసిన లైన్ చదివేది), దాని కింద రిసీవ్ (వచ్చిన మెసేజ్ తీసుకునేది), ఆఫ్టర్ సున్నా (మెసేజ్ లేకపోతే ఆగకుండా ముందుకెళ్లమని) పెట్టాను. ఎంటర్ కొడితేనే మెసేజ్ వస్తోంది, అదీ ఒక్కటే. పైగా "గాజువాక" అని కొడితే టేబుల్‌లో దొరకట్లేదు. టిల్డా పీ (~p) అనే ప్రింట్ గుర్తుతో ప్రింట్ చేస్తే అన్నీ అంకెలే.

సీతమ్మధార_దేవ్:
మెసేజ్‌లు పోలేదండీ, ఆ ప్రాసెస్‌కి వచ్చిన మెసేజ్‌లు చేరే మెయిల్‌బాక్స్‌లోనే ఉన్నాయి. గెట్ లైన్ పిలిచిన ప్రాసెస్ గ్రూప్ లీడర్‌ని (దాని తరఫున చదవడం, ప్రింట్ చేయడం చూసుకునే ప్రాసెస్‌ని) అడిగి, ఆ జవాబు ఒక్కదాని కోసమే కాచుకుని ఉంటుంది. మిగతా మెసేజ్‌లను అప్పటిదాకా ముట్టుకోదు. అందుకే చదివే పనిని వేరే ప్రాసెస్‌కి అప్పగించండి. స్పాన్ లింక్‌తో (కొత్త ప్రాసెస్‌ని పుట్టించి మీ ప్రాసెస్‌తో ముడివేసేది) రీడర్‌ని పుట్టించండి. అది లైన్ చదివి, తన పిడ్ (ప్రాసెస్ గుర్తింపు) జతచేసి మెయిన్‌కి, అంటే మీ అసలు ప్రాసెస్‌కి పంపాలి. మెయిన్‌లో రిసీవ్ తప్ప ఇంకేమీ ఉండకూడదు.

రీడర్‌ని ఊరికే లూప్‌లో తిప్పకండి. టైమింగ్స్ ప్రింట్ అయ్యేలోపే తర్వాతి ప్రాంప్ట్ వచ్చి స్క్రీన్ కలగాపులగం అవుతుంది. జవాబు ప్రింట్ చేశాక మెయిన్ "నెక్స్ట్" అని పంపాలి, అప్పుడే రీడర్ మళ్లీ చదవాలి. గెట్ లైన్ స్ట్రింగే ఇస్తుందని నమ్మొద్దు: కంట్రోల్ డీ కొడితే ఈఓఎఫ్ (ఇన్‌పుట్ అయిపోయిందనే గుర్తు) వస్తుంది, ఎర్రర్ టపుల్ (తప్పు జరిగిందని, కారణంతో కలిపి చెప్పే జత) కూడా రావచ్చు. మూడింటికీ విడివిడిగా క్లాజులు రాయండి.

అక్కయ్యపాలెం_బీమ్:
ఆ అంకెలు తప్పేం కాదు, ఒక్కో అక్షరానికీ, గుర్తుకీ యూనికోడ్‌లో ఉండే నంబర్లు. "గాజువాక" అంటే 3095, 3134, 3100, 3137, 3125, 3134, 3093, చివర 10. ఆ 10 మీరు కొట్టిన ఎంటర్, టేబుల్‌లో దొరక్కపోవడానికి కారణం అదే. స్ట్రింగ్ ట్రిమ్ చేసి (చివరి ఎంటర్ తీసేసి) వెతకండి, అక్షరాలుగా చూపించే టిల్డా టీఎస్ (~ts)తో ప్రింట్ చేయండి. లిస్ట్ 224, 176 అని మొదలైతే మాత్రం అక్షరాల నంబర్లకు బదులు విడి బైట్లు వస్తున్నట్టు. ముందే ఐఓ సెట్‌ఆప్ట్స్‌లో ఎన్‌కోడింగ్ యూనికోడ్ అని పెట్టండి.

ఎంవీపీ_కాలనీ:
రెండూ పనిచేశాయి, థాంక్సండీ. కానీ మెయిన్ ముగిశాక కూడా రీడర్ బతికే ఉంటోంది. లింక్ ఉంది కదా?

సీతమ్మధార_దేవ్:
మెయిన్ నార్మల్‌గా ముగిసింది కాబట్టి. ప్రాసెస్ ముగిసినప్పుడు లింక్‌లో ఉన్నవాటికి ఎగ్జిట్ సిగ్నల్ వెళ్తుంది, కానీ నార్మల్ అనే కారణంతో వచ్చేది లింక్‌లో ఉన్న ప్రాసెస్‌ని చంపదు. ముగించే ముందు ఎగ్జిట్ ఫంక్షన్‌కి రీడర్ పిడ్, కారణంగా షట్‌డౌన్ ఇచ్చి పిలవండి.