చహల్ ఇచ్చింది ఒప్పందం ప్రకారమే కదా, తిట్లు ధనశ్రీకి ఎందుకు?

కృష్ణలంక_అమ్మాయి:
క్రికెటర్ యుజ్వేంద్ర చహల్, ధనశ్రీ వర్మలకు 2025 మార్చి 20న ముంబై బాంద్రా ఫ్యామిలీ కోర్టు విడాకులు ఇచ్చింది. ఆ తర్వాత ఆమె ఏ ఫొటో పెట్టినా కింద కామెంట్లలో ఆయన ఇచ్చిన 4.75 కోట్ల భరణం గొడవే. మన తెలుగు పేజీల్లో రాసే మాటలైతే ఇక్కడ మళ్లీ రాయలేను. అది ఇద్దరూ కలిసి వేసిన పిటిషన్. ఎంత ఇవ్వాలో ఇద్దరూ కూర్చుని రాసుకున్నారు. మరి ఇచ్చినాయన మీద జాలి, తీసుకున్నామె మీద దోపిడీ ముద్ర ఎలా పడ్డాయి?

అంతకుముందు అరవై కోట్లని ప్రచారం చేశారు. అది అబద్ధమని ఆమె కుటుంబం ప్రకటన ఇచ్చినా వినలేదు. హైకోర్టు ఉత్తర్వుతో అసలు సంఖ్య బయటికొచ్చింది, అరవైలో పదో వంతు కూడా లేదు. తిట్లు మాత్రం ఒక్కటి కూడా తగ్గలేదు. అందుకే ఈ కోపం డబ్బు ఎంత అన్నదాని మీద కాదని, ఆడమనిషి తీసుకుందన్నదాని మీదని నేను గట్టిగా అంటున్నాను. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

హన్మకొండ_స్పిన్నర్:
నేను కాదంటున్న అక్కా. తిట్లు తప్పే, అవి రాసినోళ్లను నేను వెనకేసుకురాను. కానీ ప్రశ్న అడుగుడు కూడా తప్పేనా? 2020 డిసెంబర్ల పెళ్లి, 2022 జూన్ నుంచి ఎవరిల్లు వాళ్లదే. కలిసి ఉన్నది ఏడాదిన్నర. పిల్లల్లేరు. ఆమె డెంటల్ డాక్టర్ చదివింది, కొరియోగ్రాఫర్, సొంతంగ సంపాదిస్తది. బతుకుదెరువు లేనామెకు భరణం ఇయ్యాలె, నేను ఒప్పుకుంట. సంపాదించుకునేటామెకు ఎందుకు?

2025 జులైల సుప్రీంకోర్టు గూడ ఇదే అడిగింది కదా. పద్దెనిమిది నెలల పెళ్లికి ఒకామె పన్నెండు కోట్లు, ముంబైల ఫ్లాటు, బీఎండబ్ల్యూ కారు అడిగితే, ఇంత చదువుకున్నరు, మీరే సంపాదించుకోవచ్చు కదా అని చీఫ్ జస్టిస్ గవాయ్ సారే అన్నరు. సారు అంటే ఒప్పు, మేమంటే ఆడోళ్ల మీద కోపమా?

ప్లీడరు_గవర్నర్‌పేట:
ఆ కేసు చివరిదాకా చదవండి తమ్ముడూ. కోట్లు రాలేదు, కారు రాలేదు, కానీ ముంబై ఫ్లాటు ఆమెకే దక్కింది. జడ్జి విచారణలో అన్న మాట వేరు, చివర రాసే ఉత్తర్వు వేరు. పేపర్లలో మొదటిదే పెద్దక్షరాల్లో వస్తుంది.

చహల్ కేసులో నాకు ముఖ్యంగా కనిపించింది వేరే. పరస్పర అంగీకార విడాకులకు హిందూ వివాహ చట్టం 13బి కింద ఆరు నెలలు ఆగాలి. రాజీకి వీలు లేనప్పుడు ఆ గడువు తీసేయవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. వీళ్లిద్దరూ అదే అడిగారు. ఒప్పుకున్న 4.75 కోట్లలో 2.37 కోట్లే చెల్లించారు, ఒప్పందం పూర్తిగా అమలు కాలేదు అని ఫిబ్రవరిలో ఫ్యామిలీ కోర్టు కాదంది. రెండో విడత డబ్బు విడాకుల తీర్పు (డిక్రీ) వచ్చాకే ఇవ్వాలని ఒప్పందంలోనే ఉంది కాబట్టి ఉల్లంఘన లేదని మార్చి 19న బాంబే హైకోర్టు తేల్చింది. ఐపీఎల్ దగ్గర పడుతోందని, మర్నాటికల్లా తేల్చమని ఫ్యామిలీ కోర్టుకు చెప్పింది. అంటే ఆయన ఆటకు అడ్డం రాకుండా పని జరిగిపోయింది. ఇందులో ఆమె ఆయన్ని పీడించినట్టు ఒక్క వాక్యం కూడా లేదు.

ఇంకో సంగతి. అదే చట్టం సెక్షన్ 25 కింద శాశ్వత భరణం భార్యే కాదు, భర్త కూడా అడగొచ్చు.

బెల్వ్యూ_బాబాయ్:
మేముండే వాషింగ్టన్ రాష్ట్రంలో పెళ్లయ్యాక సంపాదించినది ఎవరి పేరున ఉన్నా ఇద్దరిదీను. జెఫ్ బెజోస్, మెకంజీలది 1993లో పెళ్లి, 1994లో అమెజాన్ మొదలు. తొలి రోజుల్లో ఆమె కూడా అందులో పనిచేసింది. 2019లో విడిపోయినప్పుడు తమ అమెజాన్ వాటాలో నాలుగో వంతు, అంటే కంపెనీలో నాలుగు శాతం, ఆమెకు వచ్చింది. అప్పటి విలువలో 3,500 కోట్ల డాలర్లకు పైమాటే. ఆ తర్వాత ఆమె 2025 చివరికి 2,600 కోట్ల డాలర్లకు పైగా దానం చేసింది. ఇక్కడ మా తెలుగువాళ్ల విందుల్లో మాత్రం ‘బెజోస్‌కి బొక్క పడింది’ అనే మాటే విన్నాను. ఆమె వాటా ఆమె తీసుకుందన్నవాళ్లు తక్కువ.

మన దేశంలో, గోవాను పక్కన పెడితే, అలాంటి హక్కు లేదు. ఇల్లు ఎవరి పేరున రిజిస్టరు అయితే వాళ్లదే. ఇరవై ఏళ్లు వండిపెట్టి, పిల్లల్ని పెంచి, అత్తమామల్ని చూసిన మనిషికి ఆ ఇంటిలో గజం కూడా రాదు. అందుకే అక్కడ భరణం మీద అంత పట్టు పడుతుంది. భర్త స్థిరాస్తిలో భార్యకు వాటా ఇచ్చే బిల్లు 2013లో రాజ్యసభ దాటింది. లోక్‌సభలో కదల్లేదు, 2014లో మురిగిపోయింది. ఈ సంగతి మీద కామెంట్లు పెట్టినవాళ్లు ఎంతమంది?

హన్మకొండ_స్పిన్నర్:
బాబాయ్, ఇరవై ఏండ్ల సంసారం గురించి మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మా అమ్మ పేరున గూడ ఏం లేదు. కానీ మీరంత ‘ఒప్పందం, ఒప్పందం’ అంటున్నరు చూడుండ్రి, దానికి నేను జవాబు చెప్త. కేసుల భయంతోని సంతకం పెట్టినా అది కాగితం మీద ఒప్పందమే అయితది. 2024 డిసెంబర్‌ల సుప్రీంకోర్టు మన తెలంగాణ కేసునే కొట్టేసింది. కుటుంబంల అందరి మీద ఊకనే ఆరోపణలు చేసి 498ఏ వేధింపుల కేసు పెట్టుడు సరికాదన్నది. హైకోర్టు కొట్టేయనంటే అక్కడిదాక పోవాల్సి వచ్చింది. చహల్‌ను ఐపీఎల్‌ల పంజాబ్ జట్టు 18 కోట్లకు కొన్నది, ఆయన ఇయ్యగల్గిండు. ముప్పై వేల జీతగాడు ఎక్కడికెళ్లి తేవాలె? జనం చహల్ పేరు పెట్టి ఏడ్చేది వాని గురించే.

కృష్ణలంక_అమ్మాయి:
ఆ ముప్పై వేల జీతగాడి బాధ నిజమే. తప్పుడు కేసు పెడితే శిక్ష పడాలి, నేనూ అదే అంటాను. కానీ అతని కోపాన్ని తీసుకొచ్చి ఏ కేసూ పెట్టని ధనశ్రీ మీద కుమ్మరిస్తే అతనికి ఏం ఒరిగింది? ఆమె పేరు వాడుకుని వ్యూస్ దండుకున్నవాళ్లకు తప్ప?

డబ్బు తీసుకోకపోతే గౌరవిస్తారా అంటే, మన సమంతను చూడండి. 2021 అక్టోబరు 2న ఆమె, నాగచైతన్య విడిపోతున్నట్టు ప్రకటించారు. రెండు వందల కోట్లు ఇస్తామంటే వద్దందని ఒక ప్రచారం. 250 కోట్లు పుచ్చుకుందని ఇంకొకటి. 2022లో కరణ్ జోహార్ షోలో ఆ రెండో పుకారు గురించి ఆమే చెప్పింది, నా దగ్గర ఏమీ లేదని చూపించడానికి ఐటీవాళ్లు వస్తే బాగుండుననుకున్నానని. వద్దంది అని నమ్మినవాళ్లు కూడా ఆమెను వదల్లేదు. అక్రమ సంబంధాలు, అబార్షన్లు, పిల్లలు వద్దందని... చివరికి యూట్యూబ్ చానళ్ల మీద కూకట్‌పల్లి కోర్టుకు వెళ్లి వీడియోలు తీయించుకోవాల్సి వచ్చింది. మూడేళ్ల తర్వాత, 2024 అక్టోబరులో, మంత్రిగా ఉన్న కొండా సురేఖ ఒక రాజకీయ విమర్శలోకి ఆ విడాకుల్ని లాగారు. తర్వాత మాట వెనక్కి తీసుకున్నారు, నాగార్జున పరువునష్టం కేసు వేశారు, అది వేరే కథ.

తీసుకుంటే దొంగ. తీసుకోకపోతే ఏదో తప్పు చేసి ఉంటుంది. ఏం చేస్తే ఊరుకుంటారో చెప్పండి తమ్ముడూ.

నర్సమ్మ_కూతురు:
క్రికెటర్ షమీ కేసు కూడా అంతేనండీ. 2025 జులైలో కలకత్తా హైకోర్టు నెలకు నాలుగు లక్షలు మధ్యంతరంగా ఇవ్వమంది. అందులో భార్య హసీన్ జహాన్‌కు లక్షన్నర, కూతురికి రెండున్నర లక్షలు. పాప వాటాయే ఎక్కువ. నేను చదివిన ఏ తెలుగు పోస్టులోనూ ఆ పాప ఊసే లేదు. ‘భార్యకు నాలుగు లక్షలు’ అని కొట్టిపడేశారు.

ఇక మామూలు ఇళ్ల సంగతి. మా అక్కకు కోర్టు నెలకు ఆరు వేలు వేసింది. మొదటి మూడు నెలలు వచ్చాయి, తర్వాత ఆగిపోయాయి. వాయిదాకు వెళ్తే బావ వకీలు ఇంకో వాయిదా అడుగుతాడు. అక్క టైలరింగు మానుకుని రోజంతా వరండాలో కూర్చుంటుంది. అన్నా, మీరు చెప్పిన జీతగాడు ఉన్నాడు, నేను కాదనను. ఆరు వేలు ఎగ్గొట్టి ఊళ్లో తలెత్తుకు తిరిగేవాడు కూడా ఉన్నాడు. అతన్ని ఒక్కరైనా దోపిడీదారు అన్నారా?

ప్లీడరు_గవర్నర్‌పేట:
అమ్మా, ముందు మీ అక్కగారి పని చూడండి. బాకీపడిన నెలకు ఏడాదిలోపు అమలు పిటిషన్ వేయాలి. గడువు దాటితే ఆ దారిలో ఆ నెల డబ్బు పోయినట్టే. కట్టకపోతే వారంటు ఇస్తారు, ఒక్కో నెల బాకీకి నెల వరకు జైలు వేయవచ్చు. భరణం గురించిన పాత 125 సెక్షన్ ఇప్పుడు 2024 జులై నుంచి కొత్త చట్టంలో 144 అయింది, ఈ నియమం మారలేదు. నెలలన్నీ తేదీలతో కాగితం మీద రాసి, బ్యాంకు పాస్‌బుక్ జెరాక్సుతో మీ వకీలు దగ్గరికి ఈ వారమే వెళ్లండి.

స్పిన్నర్ తమ్ముడూ, నీ ముప్పై వేల జీతగాడికీ ఒక దారి ఉంది. భరణం కేసు ఏదైనా సరే, ఇద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పులు అఫిడవిట్‌లో రాసివ్వాలని 2020 నవంబరులో సుప్రీంకోర్టు దేశమంతటికీ చెప్పింది.

హన్మకొండ_స్పిన్నర్:
ఇద్దరూనా సార్? మావోడి కేసుల ఆమె జీతం గూడ రాయాల్నా?

ప్లీడరు_గవర్నర్‌పేట:
ఇద్దరూ. ఆమె జీతం, ఆయన జీతం, ఇంటి అద్దె, లోన్లు, చీటీలు, బంగారం అన్నీ. దాచినట్టు తేలితే కోర్టు ఊరుకోదు. మీ వాడి కేసులో ఆమె అఫిడవిట్ పడిందో లేదో ఫైలు తీయించి చూడమను.

హన్మకొండ_స్పిన్నర్:
మావోడు రెండేండ్ల సంది తిరుగుతుండు, ఈ ముచ్చట ఎవ్వలూ చెప్పలే. రేపు పొద్దుగాల్నే ఫోన్ చేసి చెప్త. నర్సమ్మ కూతురూ, మీ అక్కను గూడ పాస్‌బుక్ జెరాక్సులు తీయించుమనుండ్రి. ధనశ్రీ మీద మాత్రం నా మాట మారలే, ఏడాదిన్నరకు అంత ఎక్కువే.

కృష్ణలంక_అమ్మాయి:
ఎక్కువ అనుకోండి, మీ ఇష్టం. అది ఆమె ఫొటో కింద రాయకండి, చాలు.