బడి కమిటీకి నిలబడుతున్నాను: గోడ గురించి కాకుండా చదువు గురించి మాట్లాడితే ఓట్లు పడతాయా?

కుట్టుమిషను అక్క, నర్సంపేట దగ్గర ఒక ఊరు

అందరికీ నమస్కారం. మా ఊరి ప్రాథమిక పాఠశాలలో వచ్చే నెల యాజమాన్య కమిటీ ఎన్నిక. మా అమ్మాయి నాలుగో తరగతి. ఆ తరగతి తల్లిదండ్రుల తరఫున నిలబడుతున్నాను. మావారు నవ్వి ఊరుకున్నారు. మా అత్తమ్మ మాత్రం "నువ్వు మీటింగులకు పోతే పెళ్లి జాకెట్లు ఎవరు కుడతారు?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అయినా నిలబడుతున్నాను. గెలిస్తే అధ్యక్షురాలి పదవికీ పోటీ చేస్తాను.

బడిలో 47 మంది పిల్లలు, ఇద్దరు సార్లు. అధ్యక్ష పదవి మీద కన్నేసిన ఇంకొకాయన మా వార్డు మెంబరుకు బావమరిది. ప్రహరీ గోడ, ఇనుప గేటు, గేటు మీద ఆర్చి, గదిలో పెద్ద టీవీ తెప్పిస్తానని ఇంటింటికీ తిరిగి చెబుతున్నాడు. ఆర్చి మీద ఎవరి పేరు రాయించుకుంటాడో ఊరందరికీ తెలుసు. వ్యానెక్కి నర్సంపేట ప్రైవేటు బడికి పోయే పిల్లలకు దీటుగా మన పిల్లలు ఇంగ్లిషు మాట్లాడాలన్నది ఆయన రెండో మాట. వినడానికి నాకూ బాగానే ఉంది.

నేను చెప్పదలచుకున్నది వేరు. ఈ మధ్య మా అమ్మాయిని 503లోంచి 268 తీసివేయమంటే పలక మీద 365 అని రాసింది. ఎలా వచ్చిందా అని చూశాను. పైది ఏది, కింది ఏది అన్న పట్టింపు లేకుండా ప్రతి వరుసలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేసింది. ఎనిమిదిలో మూడు పోతే ఐదు, ఆరులో సున్న పోతే ఆరు, ఐదులో రెండు పోతే మూడు. దానికి అనుమానమే లేదు, టకటకా రాసేసింది. నోటుపుస్తకం తెరిస్తే సరిగ్గా ఇలాంటి లెక్కలే పేజీలకు పేజీలు ఉన్నాయి. ఒక్క తప్పూ లేదు, ప్రతి దాని పక్కనా ఎర్ర సిరాతో టిక్కు. అన్నీ బోర్డు మీది నుంచి ఎక్కించుకున్నవే. ప్రోగ్రెస్ కార్డులో లెక్కలకు 'A' గ్రేడు.

అప్పుడే ఇంకోటి అడిగాను. "గల్లాపెట్టెలో 503 రూపాయలు ఉన్నాయి. లైనింగు బట్టకూ దారాలకూ 268 ఇచ్చేశాం. ఎంత మిగిలింది?" పలక ముట్టకుండా 235 అంది. 268కి 32 కలిపితే 300, అక్కడి నుంచి 503కి 203, రెండూ కలిపితే వచ్చిందట. దుకాణంలో నా పక్కన కూర్చుని నేర్చుకున్న పద్ధతి అది. అంటే పిల్లకు బుర్ర లేక కాదు.

ఇది ఎన్నిక రోజు అందరి ముందూ చెప్పాలా వద్దా అన్నదే నా చిక్కు. చెబితే సార్లు నొచ్చుకుంటారు. వాళ్లు పని ఎగ్గొట్టేవాళ్లు కారు, పెద్దసారు హనుమకొండ నుంచి వానలో కూడా బండి మీద వస్తారు. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి. "మన బడిలో నాలుగో తరగతి పిల్లకు తీసివేత రాదట" అని నేనే నోరు తెరిచి చెప్పాక, జూన్‌లో ఇంకో పది మంది వ్యానెక్కితే? పిల్లలు తగ్గిన బడికి సార్లను ఉంచరు. బడిని బాగు చేయబోయి నేనే ఖాళీ చేయించినట్టవుతుంది.

అసలు చదువు గురించి అడిగే హక్కు కమిటీకి ఉందా? ఉంటే దేన్ని ప్రమాణంగా పెట్టుకుని అడగాలి? గ్రేడును నమ్మలేను. ఇంగ్లిషు మాట్లాడటమే ప్రమాణమని ఆయన అంటే ఏమని జవాబు చెప్పను?

పత్తిచేను, పరకాల

అక్కా, ముందు ఆ గోడ సంగతి తేల్చేస్తాను. మా ఊరి బడికి ఒక విడత అధ్యక్షుడిగా చేసినవాణ్ణి. 2024లో ప్రభుత్వం అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టింది. మహిళా సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు దానికి అధ్యక్షురాలు, ప్రధానోపాధ్యాయులు కన్వీనర్. మరమ్మతులు, మరుగుదొడ్లు, కరెంటు పనులు ఆ కమిటీ చేతుల్లోకి వెళ్లాయి. యాజమాన్య కమిటీ అధ్యక్షుడు గోడ కట్టిస్తాననడం పక్కింటి బావిలో నీళ్లు పంచిపెడతాననడమే. మీ బడికి ఏటా వచ్చే సమగ్ర శిక్షా నిధి, 31 నుంచి 100 మంది పిల్లలున్న బడికి 25,000 రూపాయలు. సుద్దముక్కలు, రిజిస్టర్లు, కరెంటు బిల్లు, చిన్నాచితకా రిపేర్లు పోగా అందులోంచి ఆర్చి లేవదు. ఇది ఆయన్ను సభలోనే మర్యాదగా అడగండి: "అన్నా, ఏ పద్దు కింద?"

పనుల డబ్బు అటు పోయాక ఈ కమిటీకి మిగిలింది చదువు, హాజరు, మధ్యాహ్న భోజనం. నేను ఉన్న కాలంలో కోడిగుడ్డు వారానికి మూడుసార్లు పెడుతున్నారా లేదా అని అడిగినవాళ్లే గానీ, మా వాడికి చదవడం వచ్చిందా అని అడిగినవాళ్లు లేరు. గుడ్డు లెక్కపెట్టడం సులువు మరి.

ఓట్ల లెక్క కూడా చూసుకోండి. తరగతికి ముగ్గురు చొప్పున ఐదు తరగతులకు పదిహేను మంది తల్లిదండ్రులు. అధ్యక్షులను ఎన్నుకునేది వాళ్లే. కాబట్టి ఊరంతా తిరగడం కంటే ఏ తరగతిలో ఎవరు నిలబడుతున్నారో తెలుసుకుని వాళ్ల ఇళ్లకు వెళ్లండి. అధ్యక్ష, ఉపాధ్యక్షుల్లో ఒకరు మహిళ అయి తీరాలి, అది మరచిపోకండి. మిరప ఏరే రోజుల్లో పొద్దున పదింటికి సమావేశం పెడితే కోరం నిండదు, పెద్దసారుకు ముందే చెప్పండి.

గీసుగొండ మండలం గంగదేవిపల్లి మీకు దగ్గరే కదా. తాగునీటికీ కేబుల్ టీవీకీ కూడా కమిటీలు వేసుకుని నడిపిన ఊరు. కమిటీ అంటే సంతకాలు పెట్టడం కాదని చూడాలంటే ఒక పూట వెళ్లి రండి.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, హనుమకొండ

అమ్మా, హక్కు ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల పనితీరును పర్యవేక్షించడం, అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం కమిటీ విధులు. 24వ సెక్షన్ ఉపాధ్యాయులకు సంబంధించినది. ప్రతి బిడ్డ నేర్చుకునే శక్తిని అంచనా వేసి, అవసరమైతే అదనంగా బోధించాలనీ, తల్లిదండ్రులను క్రమం తప్పకుండా పిలిచి హాజరు, ప్రగతి చెప్పాలనీ అందులోనే ఉంది. ఈ రెండు సెక్షన్లూ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. చేతిలో కాగితం ఉంటే ఎదుటివారి గొంతు తగ్గుతుంది.

ఇక ప్రమాణం సంగతి. మీ అమ్మాయి గణితం పుస్తకంలోనే విద్యా ప్రమాణాలు ఉంటాయి. సమస్యా సాధన, కారణాలు చెప్పడం, వ్యక్తపరచడం, అనుసంధానం, ప్రాతినిధ్యపరచడం. గల్లాపెట్టె లెక్కను నోటితో చేసి, ఎలా చేసిందో కూడా చెప్పిందన్నారు. అందులో సగం ప్రమాణాలు ఆ పాప అందుకున్నట్టే. రానిది స్థానవిలువ. వందను పది పదులుగా విడగొట్టవచ్చన్నది చేత్తో చేసి చూడలేదు. పుల్లల కట్టలతోనో, వంద నోటుకు పది పది నోట్లు చిల్లర ఇచ్చో కొన్నాళ్లు చేయిస్తే సర్దుకునే లోపమే. 365 అన్న జవాబు నా సర్వీసులో అన్ని ఊళ్లలోనూ చూశాను, ప్రైవేటు బడులు సహా. కాబట్టి వ్యాను సమాధానం కాదని నిబ్బరంగా చెప్పవచ్చు.

గ్రేడు ఎలా వచ్చిందంటారా? నిర్మాణాత్మక మూల్యాంకనంలో, అంటే ఏడాది మధ్య మధ్యలో వేసే మార్కుల్లో, నాలుగు అంశాలు ఉంటాయి: పిల్లల భాగస్వామ్యం, రాత పనులు, ప్రాజెక్టు పని, లఘు పరీక్ష. నోటుపుస్తకం నిండుగా ఉంటే రాత పనులకు మార్కులు పడతాయి. గ్రేడు అబద్ధమని నేను అనను. అది కొలిచేది వేరే వస్తువును.

కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యం ఏమిటంటే, 2026-27 నాటికి మూడో తరగతి పూర్తిచేసే ప్రతి బిడ్డ నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలి, 9999 వరకు సంఖ్యలు చదివి రాయాలి. మన రాష్ట్రంలో 2022 ఆగస్టులో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం దీనికోసమే. అందులో ఏడాది మొదట్లో పిల్లల స్థాయి పరీక్షించి రాసిన రిజిస్టరు బడిలో ఉంటుంది. దాన్ని చూపించమనండి. మూడో శనివారం తల్లిదండ్రుల సమావేశంలో ప్రతి బిడ్డా తన తల్లి ముందు ఒక పేజీ చదివి, ఒక లెక్క చేసే ఏర్పాటు అడగండి. మీ కోరిక ఆ ఒక్కటే అయినా చాలు.

ఎస్జీటీ టీచర్, భూపాలపల్లి వైపు

పెద్దలు చట్టం చెప్పారు, నేను తరగతి గది చెబుతాను. ఒకటి, రెండు తరగతులకు మూడేసి సబ్జెక్టులు, మూడు నుంచి ఐదు వరకు నాలుగేసి, మొత్తం 18. ఇద్దరమే ఉంటే ఒకరు చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ సమావేశానికి వెళ్లిన రోజు ఐదు తరగతులూ ఒక్కరి నెత్తిన. నేను రెండో తరగతికి అక్షరాలు దిద్దిస్తుంటే నాలుగో తరగతిని ఊరికే కూర్చోబెట్టలేక బోర్డు మీద లెక్కలు వేసి ఎక్కించుకోమంటాను. ఆ ఎర్ర టిక్కు అలా పుడుతుంది. పైగా తనిఖీకి వచ్చినవారు మొదట చూసేది నోటుపుస్తకాలు నిండాయా అన్నదే. 2024 నవంబరులో ఇంటింటి సర్వేకు మమ్మల్ని పంపినప్పుడు ప్రాథమిక బడులు ఒంటిపూటే నడిచాయి. ఆ పాఠాలు ఎవరు తిరిగి చెప్పారని ఏ కమిటీ అడిగింది?

ఇంగ్లిషు గురించి. 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లిషు మాధ్యమం వచ్చింది, పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిషు. తెలుగు పేజీ చదవగలిగిన పిల్ల ఎదుటి పేజీకి వస్తుంది. అది చదవలేని పిల్లకు రెండు పేజీలూ బొమ్మలే. మీ పోటీదారుకు ఇదే చెప్పండి.

పైన రిటైరైన సారు చెప్పిన సలహాల్లో ఒక దానితో నేను ఏకీభవించను. సమావేశంలో నలుగురి ముందూ పిల్లలతో చదివించకండి. తడబడిన పిల్లను ఇంటికెళ్లాక తండ్రి కొడతాడు, మర్నాడు బడికి రాదు. నేను చూశాను. తల్లిని పక్కకు పిలిచి, ఆమె ఒక్కదాని ముందు చదివిస్తే సరిపోతుంది. చదువురాని తల్లులు కూడా బిడ్డ కూడబలుక్కుంటోందా, గడగడా చదువుతోందా అన్నది చెవితో పసిగడతారు.

ఇంకో మాట, కోపం రాకపోతే. పత్తి ఏరే రోజుల్లో నా ఐదో తరగతిలో సగం బెంచీలు ఖాళీ. పిల్లలను చేనుకు తీసుకువెళ్లింది టీచర్లు కాదు.

కుట్టుమిషను అక్క

అందరికీ దండాలు. టీచరమ్మా, కోపం ఎందుకు వస్తుంది, ఉన్న మాటే. నిరుడు పత్తి రోజుల్లో మా వాడకట్టులో పిల్లలు చేలల్లోనే ఉన్నారు. కూలీలకు ఇచ్చే డబ్బు మిగులుతుందని తీసుకుపోతారు. అది నేను సభలో మాట్లాడితే మూడో తరగతి వాళ్లవి రెండు ఓట్లు పోతాయి, ఆ ఇళ్లు నాకు తెలుసు. అయినా మాట్లాడతాను. సార్లను ఒక మాట అడిగేటప్పుడు మనవాళ్లనూ ఒక మాట అడగకపోతే పెద్దసారు నా మొహం చూడరు.

సభలో మా అమ్మాయి గ్రేడు ఎత్తను, బడి పేరు చెడేలా ఏమీ అనను. గల్లాపెట్టె లెక్క ఒక్కటి చెప్పి, నోటితో చేయమని తల్లులనే అడుగుతాను. కూరగాయలు అమ్ముకునే మా లక్ష్మక్క అందరికంటే ముందు చెబుతుంది, ఆ నమ్మకం నాకుంది. ఆ తర్వాత అదే లెక్కను పలక మీద ఎలా వేయాలో మన పిల్లలకు పట్టుబడే దాకా కొత్త పాఠానికి పోవద్దని సార్లను కోరదాం అంటాను. తల్లి ఒక్కతే ఉన్నప్పుడు చదివించడమన్న టీచరమ్మ పద్ధతే పెడతాను. సలహా ఇచ్చిన రిటైరైన సారు ఈ విషయంలో మన్నించాలి.

తొలిమెట్టు రిజిస్టరు గురించి నిన్ననే మా పెద్దసారును అడిగాను. ముందు మొహం మాడ్చుకున్నారు. తర్వాత ఆయనే బీరువా తెరిచి చూపించారు. నాలుగో తరగతి పేజీలో మా అమ్మాయి పేరు ఎదురుగా తీసివేత రాదనే రాసి ఉంది, జూన్‌లోనే. ఆయనకు తెలుసు, నాకు తెలియదు. "చెబితే తల్లిదండ్రులు మా మీదికి వస్తారమ్మా" అన్నారు. రాకుండా చూసే పూచీ నాదని చెప్పాను. వారానికి రెండు రోజులు సాయంత్రం ఓ అరగంట తీసివేతకే కేటాయిస్తానన్నారు, చూడాలి.

పత్తిచేను అన్నా, మీరు చెప్పిన మహిళ నిబంధన మా వార్డు మెంబరు బావమరిదికి కూడా ఎవరో చెప్పినట్టున్నారు. పొద్దున దుకాణానికి వచ్చి, పోటీ ఎందుకు చెల్లెమ్మా, నేను అధ్యక్షుణ్ణి, నువ్వు ఉపాధ్యక్షురాలివి, అన్నాడు. అటుదిటు చేసి, ఆయన ఉపాధ్యక్షుడిగా ఉంటే గోడ కోసం అమ్మ ఆదర్శ కమిటీ చుట్టూ తిరిగే పని పూర్తిగా ఆయనకే అప్పజెబుతానన్నాను. ఇంటికెళ్లి ఆలోచించి చెబుతానన్నాడు. ఈలోగా రెండో తరగతిలో నిలబడే ముగ్గురు ఎవరో నాకు ఇంకా తెలియలేదు, సాయంత్రం ఆ వాడకట్టుకు వెళ్తున్నాను.