ఉగాది వేడుక: మాటల్లేని స్కిట్ (వాలంటీర్లందరూ చదివి జవాబివ్వండి)

సాంస్కృతిక కార్యక్రమాలు:
అందరికీ నమస్కారం. ఉగాది గురువారం వచ్చింది కాబట్టి మన వేడుక శనివారం, మార్చి 21న. పంచాంగ శ్రవణానికీ భోజనాలకీ మధ్య 12 నిమిషాలు ఖాళీ ఉంది. అందులో మాటల్లేని హాస్య స్కిట్ ఒకటి వేయాలని నా కోరిక. స్ఫూర్తి బ్రిటిష్ టీవీ కామెడీ మిస్టర్ బీన్ మొట్టమొదటి ఎపిసోడ్, 1990 జనవరి 1న ఐటీవీ ఛానెల్లో వచ్చింది.

మన హాల్లో ముందు వరుసల్లో కూర్చునేది విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు, అత్తమామలు. వెనక గోడ దగ్గర చేరేది ఇక్కడే పుట్టిన పిల్లలు. తెలుగు నాటిక వేస్తే పిల్లలు ఫోన్లు తీస్తారు. ఇంగ్లిష్‌లో వేస్తే పెద్దవాళ్లు మర్యాదకి చప్పట్లు కొడతారు. ఇద్దరూ ఒకేసారి నవ్వడం చూడాలని ఉంది. రోవన్ అట్కిన్సన్ ఈ పాత్రని టీవీకి తేకముందే, 1987లో మాంట్రియల్ హాస్యోత్సవంలో కావాలనే ఫ్రెంచ్ ప్రేక్షకుల ముందు వేశాడు, భాష లేకుండా నవ్వు పుడుతుందో లేదో చూడ్డానికి. పుట్టింది.

ఎపిసోడ్‌లో మూడు భాగాలున్నాయి. సముద్రతీరంలో బట్టలు మార్చుకోవడం మన వేదిక మీద కుదరదు. చర్చిలో కునికిపాట్లు పండగపూట వద్దు. మిగిలింది పరీక్ష హాలు, అసలు రత్నం అదే. బీన్ బల్లమీద పెన్నులు, బొమ్మలు సర్దుకుని ధీమాగా కూర్చుంటాడు. చదివింది ట్రిగొనామెట్రీ, చేతికొచ్చింది కాల్క్యులస్. పక్కవాడి పేపర్లోకి తొంగిచూడ్డానికి నానా పాట్లూ పడతాడు. టైమ్ అయిపోయాక తెలుస్తుంది, ట్రిగొనామెట్రీ పేపర్ కూడా తన కవర్లోనే ఉందని. ఇంటర్ ఎంపీసీ చదివినవాళ్లు ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి: మన రోజుల్లో మ్యాథ్స్ 1ఏ పేపర్లో ట్రిగొనామెట్రీ, 1బి పేపర్లో కాల్క్యులస్. ఈ భయం మనకెవరూ నేర్పక్కర్లేదు.

హాలు, అనుమతులు:
అక్కా, ఆలోచన చాలా బాగుంది. కానీ క్లిప్ మాత్రం ప్రొజెక్టర్ మీద వేయొద్దు. టికెట్ పెట్టకపోయినా, స్కూల్ హాల్లో జనానికి చూపిస్తే హక్కులున్నవాళ్ల లైసెన్స్ కావాలి. ఇంట్లో టీవీ చూడ్డానికి కట్టే టీవీ లైసెన్స్ దీనికి పనికిరాదు, అది వేరు. సన్నివేశాన్ని మక్కీకి మక్కీ దించి ఆడాలన్నా అనుమతి అడగాల్సిందే. మన కథ మనమే రాసుకుందాం.

సాంస్కృతిక కార్యక్రమాలు:
నిజం తమ్ముడూ, కథ మనదే. అట్కిన్సన్, రిచర్డ్ కర్టిస్, బెన్ ఎల్టన్ కలిసి రాసినదాంట్లోంచి మనం తీసుకోవాల్సింది పద్ధతి. పక్క సీట్లో కూర్చున్న నటుడు పాల్ బౌన్ తన పని తాను చేసుకుంటాడు. ఇన్విజిలేటర్‌గా రుడాల్ఫ్ వాకర్ ముఖం ఎక్కడా సడలదు. చుట్టూ ఉన్నవాళ్లు అంత సీరియస్‌గా ఉంటేనే మధ్యలో ఉన్నవాడి అవస్థకి విలువ. మన వాళ్లలో ఒక్కరు ముసిముసిగా నవ్వినా స్కిట్ పోతుంది. దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

నా ఊహ ఇదీ. దేవుడి దగ్గర పెట్టి తెచ్చిన పెన్నుతో కుర్రాడు వస్తాడు. రాయడానికి ఏమీ లేదు, కానీ పక్కవాళ్లని చూసి పంతానికి అడిషనల్ షీట్లు అడుగుతూనే ఉంటాడు. వాటిని కట్టే దారం కుర్చీకి చుట్టుకుంటుంది, పక్కవాడి మోచేతికి, ఆఖరికి ఇన్విజిలేటర్ చొక్కా గుండీకి. ఆయన పేపర్లు తీసుకుని ముందుకు నడిస్తే వరుసంతా వెనకాలే కదులుతుంది. పెద్దవాళ్లకి ఆ దారం సంగతి తెలుసు. పిల్లలకి తెలియక్కర్లేదు, ముడి పడటం కనిపిస్తే చాలు. పడబోయే చిక్కు కుర్రాడికంటే ముందు ప్రేక్షకులకి కనపడాలి, అందుకే ఇది నెమ్మదిగా ఆడాలి.

స్టేజ్, లైటింగ్:
నైలాన్ దారం వద్దండీ, ఎవరైనా తట్టుకుంటే తెగదు. ఉన్ని దారం తెస్తాను, లాగితే తెగుతుంది. పడే ఘట్టం ఉంటే మ్యాట్ మీదే పడాలి, స్టేజ్ మెట్ల వైపు ఎవరూ వెళ్లకూడదు. కుర్చీలు స్కూల్ ప్లాస్టిక్‌వి, తేలిక, లాగినా దెబ్బ తగలదు.

పిల్లల విభాగం:
కాపీ కొట్టి గెలిచినట్టు మాత్రం చూపించొద్దు, మా పిల్లలే అడుగుతారు.

సాంస్కృతిక కార్యక్రమాలు:
గెలవడు. ఖాళీ షీట్ల కట్ట అప్పజెప్పి దణ్ణం పెడతాడు. ఇన్విజిలేటర్ పాత్రకి పెద్ద వయసు మనిషి కావాలి, ఎవరున్నారు?

భోజనాలు:
మా మామగారు వచ్చే నెల వస్తున్నారు. రిటైర్డ్ జూనియర్ లెక్చరర్, గుంటూరులో చాలా ఏళ్లు పరీక్ష హాళ్లలో తిరిగిన మనిషి. అడిగాను, నవ్వకుండా నిలబడటం తనకి అలవాటేనన్నారు. మోకాళ్ల నొప్పి ఉంది, ఎక్కువసేపు నిలబెట్టకండి.

సాంస్కృతిక కార్యక్రమాలు:
సగం స్కిట్ బల్ల దగ్గర కూర్చునేలా రాస్తాను. ఆయన చొక్కాకి పెద్ద గుండీలుండాలి. రిహార్సల్స్ ఆదివారం సాయంత్రాలు, ఆయన దిగిన వారం నుంచి. కుర్రాడి పాత్రకీ పక్క సీట్లకీ పేర్లు ఈ శుక్రవారంలోగా ఇవ్వండి.

స్టేజ్, లైటింగ్:
దారం ఎరుపు రంగుది కొంటున్నాను, వెనక గోడ దాకా కనపడాలి.