అప్‌డేట్: హోమ్ లోన్‌కి ముందు స్కోర్ ఎందుకు పడిపోయిందో తెలిసింది

హోమ్ లోన్‌కి అప్లై చేద్దామనుకునేసరికి క్రెడిట్ స్కోర్ ఉన్నట్టుండి పడిపోయిందని, ఏం చేయాలో తోచట్లేదని అడిగాను కదా. లోన్ మంజూరైంది! సలహా ఇచ్చిన అందరికీ చాలా థాంక్స్.

"స్కోర్ ఒక్కటే చూడకండి, క్రెడిట్ రిపోర్ట్ మొత్తం తెప్పించుకుని ప్రతి లైనూ చదవండి" అన్న సలహానే పనిచేసింది. ఎప్పుడో తీర్చేసిన బైక్ లోన్ అందులో ఇంకా బాకీ ఉన్నట్టే ఉంది, చివరి వాయిదా ఎదురుగా 'ఓవర్‌డ్యూ' అని. నో డ్యూస్ లెటర్, అంటే బాకీ ఏమీ లేదని లోన్ ఇచ్చినవాళ్లు రాసిచ్చిన కాగితం, పాత ఫైల్లో దొరికింది. మడతల దగ్గర చిరిగినా సంతకం, ముద్ర స్పష్టంగా ఉన్నాయి. దాన్ని స్కాన్ చేసి రిపోర్ట్ ఇచ్చే సంస్థకూ, ఆ లోన్ ఇచ్చినవాళ్లకూ పంపాను. కొన్ని వారాల్లో సరిచేశారు.

ఇంకో తప్పు నాదే. క్రెడిట్ కార్డు బిల్లు నెలనెలా పూర్తిగా కడుతున్నా, లిమిట్‌లో చాలావరకు వాడేసేవాణ్ని, దానివల్ల కూడా స్కోర్ తగ్గుతుందట. స్టేట్‌మెంట్ తేదీకి ఉన్న బాకీయే సాధారణంగా రిపోర్ట్‌కి వెళ్తుందట. ఇప్పుడు ఆ తేదీకి ముందే కట్టేస్తున్నాను, స్కోర్ ఇంకాస్త పెరిగింది.

నా స్కోర్ నేనే పదేపదే చూసుకున్నందుకు తగ్గిందేమోనని అనవసరంగా టెన్షన్ పడ్డాను. మనం చూసుకుంటే తగ్గదు. పాత కార్డు క్లోజ్ చేస్తే స్కోర్ ఇంకా తగ్గొచ్చని ఆపినవారికి మరీ మరీ థాంక్స్, అప్పటికే ఫారం నింపేశాను.