బోదకాలుకు నిమ్మగడ్డి నూనె పనిచేస్తుందా?

లంకవాసి:
మాది అమలాపురం దగ్గర ఒక లంక గ్రామం. మా అమ్మగారికి ఎడమకాలు బోద వచ్చి చాలా ఏళ్ళయింది. బోదవ్యాధికి ఊళ్ళో పంచిన డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు పంచినప్పుడల్లా వేసుకున్నారు. ఈమధ్య సంతలో ఒకాయన నిమ్మగడ్డి నూనె, వాము నూనె కలిపిన సీసా అమ్ముతూ, కాలికి రాస్తే లోపలి పురుగు చస్తుందని పరిశోధనల్లో తేలిందంటున్నారు. వెతికితే పరాన్నజీవుల మీద సుగంధ తైలాల గురించి వ్యాసాలు నిజంగానే కనిపించాయి. తెలిసినవారు వివరించగలరా?

ఔషధశాస్త్ర బోధకుడు, కాకినాడ:
ఆ వ్యాసాలు అబద్ధం కావండి, అమ్మేవారు వాటికి చెబుతున్న అర్థమే తప్పు. నిమ్మగడ్డిలోని సిట్రాల్, వాములోని థైమాల్ కొవ్వులో కరిగే పదార్థాలు గనుక, లీష్మేనియా, ట్రిపనోసోమా వంటి ఏకకణ జీవుల పైపొరను ఛిద్రం చేయగలవని గాజుపాత్రల్లో చేసిన ప్రయోగాలు చూపాయి. అయితే మన కణాలకూ కొవ్వు పొరలే ఉన్నాయి. పరాన్నజీవిని చంపే మోతాదుకూ మనకు హాని చేసే మోతాదుకూ మధ్య ఎడం చాలకనే ఎన్నో తైలాలు ఆ దశ దాటి ముందుకు రాలేకపోతున్నాయి. లీష్మేనియా చర్మానికి సోకినప్పుడు పరాన్నజీవి పుండులోనే ఉంటుంది కాబట్టి అక్కడ పైపూతకు కొంత ఆశ ఉంది. బోదకాలు పురుగు ఉండేది లోపల, శోషరస (లింఫు) నాళాల్లో. రాసిన నూనె చాలావరకు ఆవిరైపోతుంది, చర్మంలోంచి దిగిన కొద్దిపాటి భాగం రక్తంలో పలచబడుతుంది.

పచారీ కొట్లలో వాము పువ్వు పేరుతో దొరికేది థైమాలే. 19వ శతాబ్దం చివరి నుంచి దానిని పేగుల్లో ఉండే కొంకి పురుగులకు కడుపులోకి ఇచ్చేవారు, తరువాత చీనోపోడియం అనే మొక్క నూనె వచ్చింది. పురుగులు పడేవి, కానీ ఆ నూనె మోతాదు మించి ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి.

వరిచేను:
మలేరియాకు వాడే ఆర్టెమిసినిన్ మొక్క నుంచి వచ్చినదే కదండీ?

ఔషధశాస్త్ర బోధకుడు, కాకినాడ:
అవును, కానీ అది ఆవిరిపట్టి తీసిన తైలం కాదు. వేడికి గుణం పోతోందని గ్రహించి, చైనా శాస్త్రవేత్త తూ యూయూ బృందం తక్కువ వేడిలో ఈథర్‌తో సారం తీసింది. 1972లో ఆ ఒక్క పదార్థాన్ని విడదీశారు గనుకనే దానికి మోతాదు కట్టగలిగారు. సీసాలోని తైలంలో పదుల కొద్దీ పదార్థాలుంటాయి, కోతకోతకూ వాటి పాళ్ళు మారుతాయి.

ఆరోగ్య కార్యకర్త, భీమవరం:
లంకవాసి గారూ, ఇన్నేళ్ళ బోదలో పెద్ద పురుగులు ఇప్పటికే చచ్చి ఉండవచ్చు. వాపు మాత్రం దెబ్బతిన్న నాళాల వల్ల మిగిలిపోతుంది. గజ్జల్లో బిళ్ళ కట్టి చలిజ్వరం వచ్చిన ప్రతిసారీ కాలు మరికాస్త లావెక్కుతుంది. ఆ జ్వరానికి కారణం ఎక్కువగా వేళ్ళ సందుల్లో నాని చితికిన చర్మం గుండా దూరే బాక్టీరియా. అలాంటి చర్మం మీద ఈ ఘాటు నూనె రాస్తే మంట పుట్టి పుండ్లు పెరుగుతాయి. రోజూ మామూలు సబ్బుతో కడిగి, మెత్తని గుడ్డతో వేళ్ళ సందులు తడి లేకుండా అద్ది, పడుకున్నప్పుడు కాలు ఎత్తున పెట్టించండి. జ్వరం వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరు గారికి చూపించండి.

లంకవాసి:
కృతజ్ఞతలండి. సీసా ఇంకా కొనలేదు. దోమలకైనా పనికొస్తుందా?

ఆరోగ్య కార్యకర్త, భీమవరం:
వాసన ఉన్నంతసేపు కొంత పనిచేస్తుంది, కానీ అది ఎంతోసేపు నిలవదు. బోదను మోసే క్యూలెక్స్ దోమ రాత్రంతా కుడుతుంది కాబట్టి దోమతెర కట్టండి, ఇంటి వెనుక మురుగు నిలవకుండా పారేలా చూడండి.