ప్రభుత్వ బడా, ప్రైవేటు బడా: పిల్లలను చేర్చే ముందు మీరు ఏం చూశారు?

ఇద్దరు పిల్లల తల్లి:

మా అమ్మాయి ప్రైవేటు బడిలో నాలుగో తరగతి చదువుతోంది. అబ్బాయిని వచ్చే విద్యా సంవత్సరం ఒకటో తరగతిలో చేర్చాలి. నడిచి వెళ్లగలిగే దూరంలో ఒక ప్రభుత్వ బడి ఉన్నందున ఇద్దరినీ అక్కడికే పంపుదామని మావారు అంటున్నారు. కాదనడానికి నాకు గట్టి కారణం దొరకడం లేదు, సరేననడానికి ధైర్యం చాలడం లేదు. ఫీజు కట్టలేని పరిస్థితి మాది కాదు; అయితే ఏటా పెరుగుతున్న ఆ ఫీజుకు తగిన చదువు అందుతోందా అన్న అనుమానం మాత్రం నన్ను వదలడం లేదు. బంధువులను అడిగితే చదువు సంగతి పక్కన పెట్టి పరువు గురించి మాట్లాడుతున్నారు. రెండు రకాల బడులనూ దగ్గరగా చూసినవారు, ముఖ్యంగా పిల్లలను ఒక చోటి నుంచి మరో చోటికి మార్చినవారు, మారిన తర్వాత నిజంగా ఏం తేడా కనిపించిందో చెప్పగలరా?

లెక్కల మాస్టారు:

అమ్మా, నేను కొన్నేళ్లు ప్రైవేటు బడిలోను, ఆ తర్వాత ప్రభుత్వ బడిలోను గణితం చెప్పాను. ఏ రకం బడి మంచిదని అడిగితే నా దగ్గర సమాధానం లేదు. మీకు అందుబాటులో ఉన్న రెండు బడులలో ఏది మంచిదని అడిగితే, వెళ్లి చూసి తేల్చుకోవచ్చు.

ప్రైవేటు బడి ఫలితాలు మెరుగ్గా కనిపించడంలో బడి పాత్ర ఎంత, అక్కడికి వచ్చే పిల్లల ఇంటి నేపథ్యం పాత్ర ఎంత అన్నది ముందుగా విడదీసుకోవాలి. 1966లో అమెరికాలో సామాజిక శాస్త్రవేత్త జేమ్స్ కోల్‌మన్ నాయకత్వంలో వెలువడిన నివేదిక, లక్షల మంది విద్యార్థులను పరిశీలించి, బడికి ఉన్న వనరుల కంటే కుటుంబ నేపథ్యానికే పిల్లల మార్కులతో ఎక్కువ సంబంధం ఉందని తేల్చింది. ఎక్కువగా సంపన్న దేశాలు సభ్యులుగా ఉన్న ఓఈసీడీ అనే సంస్థ, వివిధ దేశాల్లోని పదిహేనేళ్ల పిల్లలకు నిర్వహించే పీసా అనే పరీక్షల్లోనూ సగటున ప్రైవేటు బడుల విద్యార్థులే ముందుంటారు. కానీ కుటుంబాల ఆర్థిక, సామాజిక స్థితిని లెక్కలోకి తీసుకున్న తర్వాత ఆ ఆధిక్యం చాలావరకు కరిగిపోతుంది.

మన తెలుగు నేల మీదే జరిగిన ఒక అధ్యయనాన్ని ఇక్కడ చెప్పకుండా ఉండలేను. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు ఆంధ్రప్రదేశ్‌లోని 180 గ్రామాల్లో, 2008 నుంచి నాలుగేళ్ల పాటు, లాటరీ తీసి కొందరు ప్రభుత్వ బడి పిల్లలకు ప్రైవేటు బడిలో చదివేందుకు ఓచర్లు, అంటే ఫీజు సాయం, ఇప్పించారు. లాటరీ కాబట్టి రెండు వర్గాల పిల్లల నేపథ్యం దాదాపు ఒకటే. చివరికి పరీక్షిస్తే తెలుగులో, గణితంలో తేడా ఏమీ రాలేదు. ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో చెప్పని హిందీలో మాత్రం ప్రైవేటు బడికి వెళ్లినవారు ముందున్నారు. ఇంతవరకే చెప్పి ఆపితే అది సగం నిజమే అవుతుంది. ఆ ప్రైవేటు బడులు తెలుగుకు, గణితానికి తక్కువ సమయం కేటాయించి కూడా అదే ఫలితం రాబట్టాయి. ఒక్కో విద్యార్థిపై అవి పెట్టిన ఖర్చు, ప్రభుత్వ బడులు పెట్టిన దానిలో మూడో వంతు కూడా లేదు. 2015లో ఫలితాలు ప్రచురితమైనప్పటి నుంచి ఇరు పక్షాలవారూ తమకు నచ్చిన సగాన్ని ఉదహరిస్తూనే ఉన్నారు.

ఇక నా సొంత అనుభవం. ప్రైవేటు బడిలో సిలబస్ ఏనాడూ వెనకబడలేదు, పిల్లలే వెనకబడేవారు. ఒక పాఠం అర్థం కాలేదని మరో రెండు రోజులు తీసుకునే స్వేచ్ఛ నాకు ఉండేది కాదు. ప్రభుత్వ బడిలో ఆ స్వేచ్ఛ ఉంది. దాన్ని సద్వినియోగం చేసేవారూ ఉన్నారు, పాఠం ఎగ్గొట్టడానికి వాడుకునేవారూ ఉన్నారు. పైనుంచి వచ్చే లెక్కల పత్రాలు, ఇతర విధులు మా తరగతి సమయాన్ని తినేస్తాయన్నది వేరే గోడు.

పాత పలక:

మేము మా అబ్బాయిని అయిదో తరగతి తర్వాత ప్రైవేటు నుంచి ప్రభుత్వ బడికి మార్చాము. అందుకు దారి తీసింది వాడి నోటు పుస్తకం. ‘నా పాఠశాల’ అనే వ్యాసానికి పదికి పది మార్కులు వచ్చాయని చూపించాడు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. అదే తరగతి చదివే పక్కింటి పిల్లల పుస్తకాలు తెచ్చి చూస్తే, ముగ్గురూ అవే వాక్యాలు రాశారు. ‘గ్రంథాలయం’లో ‘థ’కు బదులు ‘ధ’ కూడా ముగ్గురికీ ఒకే చోట పడింది, ముగ్గురికీ ఎర్ర సిరాతో ఒకే తరహా టిక్కు పడింది. ఆ తప్పు పిల్లలది కాదు, నల్లబల్లది. అటువంటి పుస్తకాన్ని చూసి నెలల తరబడి మురిసిపోయామన్నమాట.

ప్రభుత్వ బడికి వెళ్లాక మొదటి వ్యాసం నాలుగు వాక్యాలకు మించలేదు. దస్తూరీ చెడింది. కానీ టీచరు ఒక వాక్యం కింద గీత గీసి, ‘ఇది ఎందుకు నచ్చింది? ఇంకా రాయి’ అని రాశారు. నాకు అది చాలు. అక్కడ ఇబ్బందులు లేవని అనను. మరుగుదొడ్డి తలుపుకు గడియ ఉండేది కాదు, తల్లిదండ్రులం కొందరం కలిసి అడిగిన తర్వాతే పెట్టించారు. ఇద్దరు పిల్లల తల్లి గారూ, మీరు వెళ్లినప్పుడు గోడల మీది బొమ్మలను చూడడంతో సరిపెట్టుకోకుండా ఏదైనా ఒక తరగతిలోని అయిదారు నోటు పుస్తకాలు చూపించమనండి. అన్నీ ఒకేలా ఉంటే కారణం అడగండి. చూపించడానికే ఒప్పుకోకపోతే అదీ ఒక సమాధానమే.

దూరపు బస్సు:

పాత పలక గారి అనుభవానికి మాది పూర్తిగా తలకిందులు. మేము ప్రభుత్వ బడిలోనే చేర్చాము, నమ్మకంతోనే చేర్చాము. రెండో తరగతికి వచ్చేసరికి ఒక టీచరు బదిలీ అయ్యారు, ఆ ఖాళీ నిండలేదు. ఉన్న ఒక్క టీచరు ఒకే గదిలో మూడు తరగతులను చూసేవారు. ఆవిడ మంచి టీచరు. అయినా ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తున్నంతసేపు మూడో తరగతి ఎక్కాలు రాస్తూ కూర్చోవాల్సిందే. అర్జీ పెట్టుకున్నాము, పై అధికారిని కలిశాము, ఏడాది గడిచిపోయింది. పిల్ల చదువు ఆగదు కదా అని ప్రైవేటు బడికి మార్చాము. ఇప్పుడు రోజూ చాలాసేపు బస్సులోనే గడుస్తుంది, సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వడలిపోయి ఉంటుంది, కానీ తరగతికో టీచరు ఉన్నారు.

అందుచేత ప్రభుత్వ బడికి వెళ్తే ముందుగా అడగవలసింది ఎన్ని తరగతులకు ఎందరు టీచర్లు ఉన్నారు, వారిలో ఈ ఏడాది బదిలీ కాబోయేవారు ఎవరు అన్నదే. ఆ సంగతి తెలియకుండా మిగతా గుణగణాలు ఎన్ని విన్నా ఉపయోగం లేదు.

లెక్కల మాస్టారు:

దూరపు బస్సు గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. దానికి ఒక మాట కలుపుతాను: ప్రైవేటు బడిలో ఖాళీ ఉండదు, కానీ మనుషులు మారిపోతూ ఉంటారు. జీతం చాలక ఏడాది మధ్యలో వెళ్లిపోయిన గణితం టీచరు స్థానంలో మరునాడే కొత్తవారు వస్తారు, ఆ పిల్లల్లో ఎవరికి భిన్నాలు రావో ఆ కొత్తవారికి తెలియదు. కాబట్టి ప్రైవేటు బడిలో అడగవలసింది, ‘ఈ తరగతికి పోయిన ఏడాది చెప్పిన టీచర్లలో ఎందరు ఇంకా ఇక్కడ ఉన్నారు?’ అని.

తరగతిలో పిల్లల సంఖ్య కూడా లెక్కించండి. 1985లో అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో మొదలైన స్టార్ అనే ప్రయోగంలో పిల్లలను 13 నుంచి 17 మంది ఉన్న తరగతులకు, 22 నుంచి 25 మంది ఉన్న తరగతులకు లాటరీ పద్ధతిలో పంచారు. చిన్న తరగతుల్లోని పిల్లలే మెరుగ్గా చదివారు, పేద కుటుంబాల పిల్లలకు ఆ లాభం ఇంకా ఎక్కువగా దక్కింది. మీ అబ్బాయి ఒకటో తరగతికి వెళ్తున్నాడు కనుక ఇది మీకు బాగా వర్తిస్తుంది.

ఇద్దరు పిల్లల తల్లి:

అందరికీ ధన్యవాదాలు. నన్ను వెనక్కి లాగుతున్నది అసలు ఇంగ్లీషు. మా అమ్మాయి బడిలో అంతా ఇంగ్లీషే. అబ్బాయి ఇంట్లో తెలుగే మాట్లాడతాడు. మేము చూస్తున్న ప్రభుత్వ బడిలో చిన్న తరగతులకు తెలుగులోనే ఎక్కువగా చెబుతారు. రేపు పై తరగతుల్లో వెనకబడతాడేమో అన్న భయం నాది.

మాటల మూట:

మీ భయం సహజమే, కానీ క్రమం గమనించండి. చదువు మొదలుపెట్టడానికి మాతృభాషే ఉత్తమ మాధ్యమమని యునెస్కో నిపుణుల సంఘం 1953లోనే చెప్పింది. తమకు అర్థమయ్యే భాషలో చదువు అందనివారు ప్రపంచ జనాభాలో 40 శాతం ఉన్నారని అదే సంస్థ 2016లో పేర్కొంది. చదవడం అనే నైపుణ్యం ఒక భాషలో గట్టిపడితే రెండో భాషకు తోడుగా వస్తుంది. రెండిట్లోనూ సగం సగం ఉంటే ఏ భాషలోనూ పుస్తకం పట్టలేరు.

ఇంగ్లీషు వద్దని నేను అనడం లేదు. దాన్ని ఒక భాషగా శ్రద్ధగా చెప్పేవారు ఆ బడిలో ఉన్నారా అన్నది చూడాలి. పేరుకు ఇంగ్లీషు మీడియం అయినా, టీచరు తెలుగులో వివరించి ఇంగ్లీషులో జవాబులు బట్టీ పట్టించే తరగతులు నేను చాలా చూశాను. మీ అమ్మాయికి ఆమె ఎప్పుడూ చూడని ఒక చిన్న ఇంగ్లీషు కథ ఇచ్చి చదివించి, తన మాటల్లో చెప్పమనండి. ఇన్నాళ్లు కట్టిన ఫీజు ఏం ఇచ్చిందో ఒక్క సాయంత్రంలో తేలిపోతుంది.

గడప దాటని ప్రశ్న:

అందరూ టీచర్లు, పుస్తకాలు అంటున్నారు గానీ, తల్లిదండ్రులు ప్రైవేటు బడికి మొగ్గు చూపేది తోటి పిల్లల కోసం, ఎవరికైనా గట్టిగా చెప్పుకోగల హక్కు కోసం. డబ్బు కట్టినవాడు అడిగితే యాజమాన్యం వింటుంది. ప్రభుత్వ బడిలో అడిగితే ‘పై వారికి చెప్పుకోండి’ అంటారు. ఇది నచ్చినా నచ్చకపోయినా వాస్తవం. పిల్లలకు ఏ రకం విద్య ఇవ్వాలో ఎంచుకునే ప్రథమ హక్కు తల్లిదండ్రులదని 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 26వ అధికరణమే చెబుతోంది. ఆ హక్కును వాడుకున్నవారిని పరువు కోసం పాకులాడేవారిగా చిత్రించడం న్యాయం కాదు.

లెక్కల మాస్టారు:

ప్రాథమిక విద్య ఉచితంగా ఉండాలన్నదీ ఆ అధికరణమే సుమండీ. హక్కు విషయంలో మీతో నాకు పేచీ లేదు. అయితే ఎంపిక రెండు వైపుల నుంచీ జరుగుతుంది: తల్లిదండ్రులు బడిని ఎంచుకుంటారు, బడి పిల్లలను ఎంచుకుంటుంది. చిలీ దేశం 1981లో ఓచరు విధానం, అంటే పిల్లలు ఏ బడిలో చేరితే ప్రభుత్వ సొమ్ము ఆ బడికే వెళ్లే పద్ధతి, తెచ్చినప్పుడు పోటీ వల్ల బడులన్నీ బాగుపడతాయని ఆశించారు. తీరా పిల్లలు ఆర్థిక స్థాయిని బట్టి వేర్వేరు బడుల్లో పోగుపడ్డారు. 2015లో అక్కడ చట్టం చేసి, ప్రభుత్వ సొమ్ము తీసుకునే బడులు పిల్లలను ఏరుకోవడాన్ని, తల్లిదండ్రుల నుంచి అదనపు ఫీజు వసూలు చేయడాన్ని, లాభాలు ఆర్జించడాన్ని దశలవారీగా ఆపే ప్రయత్నం మొదలుపెట్టారు. తోటి పిల్లలు బాగుండాలని అందరూ ఒకే బడికి పరుగెత్తితే జరిగేది అదే.

నిదానమే నడక:

ఏరివేత అంటే ఏమిటో మాకు తెలుసు. మా పాపకు డిస్లెక్సియా (చదవడం, రాయడం కష్టమయ్యే సమస్య) ఉందని తెలిసిన తర్వాత మేము చేర్చిన ప్రైవేటు బడివారు చాలా మర్యాదగా, ‘మీ పాపకు ఇంకా అనువైన చోటు వెతకండి’ అన్నారు. వారి ఫలితాల బోర్డు మీద మా పాప పేరు ఎలాగూ ఉండదు కదా. ప్రభుత్వ బడి కాదనకుండా చేర్చుకుంది, అయితే అక్కడ ఈ సమస్య తెలిసిన టీచరు లేరు. చివరికి తరగతికి కొద్దిమంది మాత్రమే ఉండే మరో చిన్న ప్రైవేటు బడిలో, ‘కాగితం మీద రాయలేకపోతే నోటితో చెప్పనిస్తాను’ అన్న ఒక హెడ్మిస్ట్రెస్ దొరికారు. పాప ఇప్పుడు అక్కడే చదువుతోంది.

మీ పిల్లలకు ఇటువంటి అవసరం లేకపోవచ్చు. అయినా రెండు బడుల్లోనూ ఒక ప్రశ్న వేయండి: తరగతిలో అందరికంటే వెనకబడిన బిడ్డకు మీరు ఏం చేస్తారు? ట్యూషన్ పెట్టించమంటామని చెప్పే బడి ఆ పనిని మీకే అప్పగిస్తోందని అర్థం. ఫలానా రోజున, ఫలానా టీచరు, ఇన్ని నిమిషాలు కూర్చోబెడతారని చెప్పగలిగితే అక్కడ ఆలోచన ఉందన్నమాట.

పాత పలక:

ఖర్చు గురించి ఒక్క మాట. ప్రైవేటులో ఉంచితే ఈ ఏడాది ఫీజును కాకుండా పదో తరగతి వరకూ ఇద్దరి ఫీజునూ, బస్సు, పుస్తకాలు, ట్యూషన్‌తో సహా లెక్క వేయండి. మధ్యలో కట్టలేక మార్చవలసి వస్తే పిల్లలు దాన్ని శిక్షగా తీసుకుంటారు.

ఇద్దరు పిల్లల తల్లి:

అబ్బాయి విషయంలో ఏం చేయాలో కొంత స్పష్టత వచ్చింది. ముందు ప్రభుత్వ బడికి వెళ్లి టీచర్ల సంఖ్య కనుక్కుని, నోటు పుస్తకాలు చూసి వస్తాము. అమ్మాయిని కూడా ఇప్పుడే మార్చాలా? స్నేహితులను వదలడానికి ఇష్టపడడం లేదు.

లెక్కల మాస్టారు:

ఇద్దరూ ఒకే బడికి వెళ్లాలన్న నియమం ఏమీ లేదమ్మా. అమ్మాయి అక్కడ సంతోషంగా ఉండి, మాటల మూట గారు చెప్పిన కథ పరీక్షలో నెగ్గుకొస్తే అయిదో తరగతి పూర్తి కానివ్వండి. ఆరో తరగతికి వచ్చేసరికి చాలామంది పిల్లలు ఎలాగూ కొత్త బడిలో చేరతారు; అప్పుడు మారిస్తే తరగతిలో తాను ఒక్కతే కొత్త అన్న బెరుకు ఉండదు. ఈలోగా సెలవు దినం కాని రోజున, ముందుగా చెప్పకుండా, మధ్యాహ్నం తర్వాత ఆ ప్రభుత్వ బడికి వెళ్లండి. ఉదయం ప్రార్థన సమయంలో ఏ బడి అయినా బాగానే కనిపిస్తుంది. ఆఖరి పీరియడులో టీచరు తరగతిలో ఉన్నారో లేదో, ఉంటే పిల్లలు ఏం చేస్తున్నారో చూసి రండి.