పడమటి ముఖం ఇంటి ముందు ఒక్క చెట్టుకే చోటుంటే ఏది నాటాలి?

సాగర్‌నగర్ (విశాఖపట్నం) నుంచి ఒక గృహిణి:
మా ఇంటి వాకిలికీ ప్రహరీకీ మధ్య 18 అడుగుల ఖాళీ ఉంది. మార్చి మొదలు మధ్యాహ్నం మూడు దాటితే వరండా గచ్చు మీద చెప్పులు లేకుండా కాలు పెట్టలేము. ముందుగది గోడ రాత్రి తొమ్మిదింటికి కూడా చేతికి వేడిగానే తగులుతుంది. నర్సరీవారు త్వరగా పెరిగే కోనోకార్పస్ చెట్టు అంటున్నారు, మా అత్తగారు వేప అంటున్నారు, మా వారికి తురాయి ఇష్టం. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

మర్రిపాలెం నుంచి:
తురాయే వేయండి. నాలుగైదేళ్లలో గొడుగులా పరుచుకుంటుంది, పూస్తే వీధికే అందం. నిదానంగా పెరిగే చెట్టు నాటి పదేళ్లు ఎండలో కూర్చోవడంలో అర్థం లేదు.

ఎం.వి.పి. కాలనీ నుంచి:
మర్రిపాలెం వారి మాటతో నేను ఏకీభవించలేను. తురాయి ఎండాకాలంలోనే ఆకు రాలుస్తుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో, అంటే ఈ అమ్మగారికి నీడ అత్యవసరమైన రోజుల్లో, దాని కింద నిలబడితే తల మీద కొమ్మలూ ఎండు కాయలూ తప్ప మరేమీ ఉండవు.

దానికన్నా పెద్ద కారణం గాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరి మీదుగా తీరం దాటిన మరునాడు మా వీధిలో పడిపోయిన చెట్లలో ఎక్కువ తురాయిలూ నిద్రగన్నేర్లే. మా ఎదురింటి తురాయి వేళ్లతో సహా లేచి ప్రహరీ మీద ఒరిగింది. దగ్గరికి వెళ్లి చూస్తే అంత మానుకు వేరు పళ్లెంలా పైపైనే పరుచుకుని ఉంది. కాలువ తవ్వినప్పుడు నరికిన వైపు వేళ్ల కొసలు మొద్దుబారి నల్లబడి ఉన్నాయి, చెట్టు సరిగ్గా దానికి ఎదురు వైపుకు కూలింది. తుపాను తరువాత నగరాన్ని త్వరగా పచ్చగా చేయాలని రోడ్ల పక్కన విరివిగా నాటిన ఏడాకుల పాల ఇప్పుడు అక్టోబరు, నవంబరు రాత్రుల్లో ఘాటు వాసనతో ఎందరిని ఇబ్బంది పెడుతున్నదో మనందరికీ తెలుసు. కోనోకార్పస్ వేళ్లు పైపులనూ కాలువలనూ పాడు చేస్తాయన్న కారణంతో గుజరాత్ అటవీ శాఖ 2023లో దానిని నాటడాన్నే నిషేధించింది. త్వరగా పెరుగుతుందన్న ఒక్క గుణం చూసి చెట్టును ఎంచుకోవద్దని నేను చేతులు జోడించి అడుగుతున్నాను.

నా మాట కానుగ. ఉప్పు గాలికి తట్టుకుంటుంది, వేరు లోతుకు పోతుంది, ఆకు రాల్చినా కొద్ది రోజుల్లోనే లేత చిగురుతో నిండిపోయి ఏప్రిల్ ఎండకు సిద్ధంగా ఉంటుంది. ఇల్లు మరీ ఇసుక ఒడ్డున ఉంటే పొన్న ఇంకా మేలు, కాని అది బాగా నిదానం. పూల వాసన మీద మనసుంటే పొగడ.

గోపాలపట్నం నుంచి:
జవాబిచ్చినవారిలో వేపను ఎవరూ ప్రస్తావించకపోవడం నాకు బాధగా ఉంది. ఉగాదికి పువ్వు ఇంటి ముందే దొరుకుతుంది, ఎరువు అడగదు, నీరు అడగదు. మా నాన్నగారు నాటిన వేప హుద్‌హుద్‌లో రెండు కొమ్మలు పోగొట్టుకుంది తప్ప నేలకొరగలేదు.

సాగర్‌నగర్ గృహిణి:
వేపలు ఈ మధ్య కొమ్మల చివర్ల నుంచి ఎండిపోతున్నాయి కదా, అదే మా భయం. కానుగ ఆకులకు బొడిపెలు వస్తాయని కూడా విన్నాను. మా నీళ్ల సంపు గేటుకు ఎడమ పక్కన, అంటే నైరుతి వైపు ఉంది.

ఎం.వి.పి. కాలనీ నుంచి:
గోపాలపట్నం వారు చెప్పినదానిలో నిజం ఉంది. 2021లో తెగులుతో మాడిన వేపలలో చాలావరకు మళ్లీ చిగురించాయి. స్థలం పెద్దదైతే నేనూ వేపనే అనేవాడిని. కానుగ ఆకు మీద బొడిపెలు చూడటానికి బాగుండవు, అయినా చెట్టు ప్రాణానికి వాటివల్ల ముప్పు లేదు. వేళ్ల నుంచి పిలకలు వస్తే మాత్రం ఎప్పటికప్పుడు తీసేయాలి.

సంపు నైరుతిలో ఉండటం మీకు కలిసివచ్చింది. విశాఖలో మే రెండో వారం నుంచి జులై చివరి దాకా నడినెత్తి సూర్యుడు కాస్త ఉత్తరానికి జరిగి ఉంటాడు, సాయంత్రం వాయవ్యం వైపు దిగుతాడు. కాబట్టి వాకిలికి ఎదురుగా నిలబడి చూసుకుని, నడిమికి కొంచెం ఉత్తరంగా, గోడకు పది అడుగుల ఎడం ఉండేలా గుంత తీయించండి; నీడ సరిగ్గా వరండా మీద పడుతుంది, సంపూ దూరంగా ఉంటుంది. పైన కరెంటు తీగ లేదని ముందే చూసుకోండి.

ఇంకొక్కటి. నర్సరీలో ఎత్తైన మొక్క చూసి మురిసిపోకండి. నేను కొన్న ఒక పొగడ మొక్క సంచి కోసి చూస్తే వేళ్లు అడుగున చాపచుట్టలా మూడు చుట్లు తిరిగి ఉన్నాయి. అలాగే నాటితే అవి నేలలోకి చొరబడవు, పెద్దయ్యాక గాలికి నిలవదు. మోకాలెత్తు మొక్క తెచ్చి, చుట్టుకున్న వేళ్లు విడదీసి, జులై వానల్లో నాటండి. మొదలు చుట్టూ సిమెంటు మాత్రం వేయించవద్దు.

సాగర్‌నగర్ గృహిణి:
కానుగకే మొగ్గు చూపుతున్నాము. అత్తగారి కోసం వేపను పెరటి మూలన వేస్తాము. అక్కడ 12 అడుగులే ఉంది, సరిపోతుందంటారా?